బట్ట ఓడెక్కిన రేవులు

మా అమ్మకు డెబ్బై ఆరేళ్ళు. అందులో నలభై ఏళ్ళకు పైగా బీడీలు చుట్టింది. 2006లో గోదూతాయి పరుళేకర్ పేరిట కుంభారిలో బీడీ కార్మిక స్త్రీలకు కట్టించిన 10,000 ఇళ్ళు అప్పగించినప్పుడు ఆమెకూ ఒకటి దక్కింది. మా నాన్న షోలాపూరులో సాంచాల మీద చద్దర్లు నేసి నేసి, ఆ చప్పుడుకు చెవులు పోగొట్టుకుని, కన్నుమూశాడు. ఆయన సముద్రం చూడలేదు. అమ్మ మాత్రం "సముద్రమంటే మన సిద్ధేశ్వర చెరువుకు ఎన్ని రెట్లుంటది రా?" అని నా చిన్నప్పటి నుంచి అడుగుతూనే ఉంది. ఆడిట్లనీ బదిలీలనీ సాకులు చెబుతూ నేను వాయిదా వేస్తూ వచ్చాను.

పోయిన మాఘమాసంలో ఆ బాకీ తీర్చే అవకాశం దొరికింది. బ్యాంకు ఉద్యోగులకు ఎల్.ఎఫ్.సి. అనే ప్రయాణ సౌకర్యం ఉంది. అమ్మ, నేను, నా భార్య కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖపట్నంలో దిగాము. అక్కడి నుంచి అద్దె కారులో తీరం వెంట చీరాల దాకా ఆరు రోజుల ప్రయాణం. అందమైన చోటల్లా ఆగాలనేది మా ఆవిడ షరతు. అలసిన చోటల్లా ఆగాలనేది అమ్మ షరతు. నా షరతు మాత్రం పైకి చెప్పలేదు. కొన్నాళ్ళుగా ఈ తీరపు బట్టల వ్యాపారాన్ని గురించి చదువుతున్నాను. నేను చదివిన రేవులను కంటితో చూడాలని నా కోరిక.

ప్రయాణం సాగే కొద్దీ మా మూడు షరతులూ ఒకటేనని తేలింది. ఆ దారిలో చూడముచ్చటైన చోటు ఏదైనా సరే, ఒకనాడు తెలుగు నేతగాడి బట్ట ఓడెక్కిన రేవో, ఆ రేవుకు దాపునున్న ఊరో అయ్యింది. ఇది కాకతాళీయం కాదు. నది సముద్రంలో కలిసే చోట పడవకు నిలకడ దొరుకుతుంది. ఒడ్డున కొండ ఉంటే దూరాన ఉన్న నావికుడికి ఆనవాలు దొరుకుతుంది. ఆనాటి వర్తకుడు వెతికిన ఆ నదీముఖాలూ కొండలే నేటి యాత్రికుడికి సుందర దృశ్యాలు.

నేను చరిత్రకారుణ్ణి కాను. బి.కాం. చదివి జమాఖర్చులు చూసుకుంటూ బతికినవాణ్ణి. కాబట్టి ఈ వ్యాసాన్ని ఒక నేత కుటుంబపు పాత ఖాతాను తిరగేసిన చందంగా పాఠకులు స్వీకరించాలని మనవి.

భీమునిపట్నం

విశాఖ నుంచి భీమిలికి సముద్రం పక్కనే దారి. కైలాసగిరి, ఋషికొండ దాటాక ఎడమ చేతి వైపు తొట్లకొండ వస్తుంది. వర్షపు నీటిని నిలవ చేసుకోవడానికి బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన తొట్ల వల్ల ఆ పేరు వచ్చింది. 1988 నుంచి 1993 దాకా జరిగిన తవ్వకాలలో స్తూపం, విహారాలతో పాటు రోమను వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. రెండు వేల ఏళ్ళ నాడే ఈ తీరానికీ పడమటి సముద్రాలకూ రాకపోకలు ఉండేవని ఆ నాణేలు సాక్ష్యం చెబుతున్నాయి. ఇంకా ముందుకు పోతే ఎర్రమట్టి దిబ్బలు. గాలీ, సముద్రమూ వేల ఏళ్ళుగా పోగు చేసిన ఎర్ర ఇసుకను వాన కోతలు కోసి లోయలుగా మలిచింది. 2025 సెప్టెంబరులో ఇవి యునెస్కో ప్రపంచ వారసత్వపు తాత్కాలిక జాబితాకు ఎక్కాయి.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. అమ్మ తొలిసారి కాళ్ళు తడుపుకున్నది అక్కడే. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత కొంగు పిండుకుంటూ, "ఇంత నీళ్ళు పెట్టుకుని ఒక్క చుక్క తాగనియ్యదా?" అంది.

తీరానికి దగ్గరలోనే డచ్చివారి శ్మశానం ఉంది. మనవాళ్ళు హాలండు వాళ్ళను ఒలందులు అనేవారు. 17వ శతాబ్దం నుంచి ఇక్కడ వాళ్ళకు వర్తక స్థావరం ఉండేది. వాళ్ళ కంపెనీ 1602లో ఏర్పడింది. లవంగాలూ జాజికాయలూ పండే తూర్పు దీవుల మీద వాళ్ళ కన్ను. అయితే ఆ దీవులవాళ్ళకు వెండి కంటే మన తీరపు నూలు బట్ట మీద మోజు ఎక్కువ. అందుకని ఒలందులు ఇక్కడ బంగారం, వెండి ఇచ్చి బట్ట కొని, అక్కడ బట్ట ఇచ్చి సుగంధ ద్రవ్యాలు కొనేవారు. బ్యాంకు భాషలో చెప్పాలంటే ఆ దీవులలో తెలుగు నేతగాడి బట్టే చెల్లుబాటయ్యే నాణెం.

1824లో లండనులో ఇంగ్లీషువారూ డచ్చివారూ ఒక ఒప్పందం చేసుకున్నారు. భారతదేశంలోని డచ్చి స్థావరాలు ఇంగ్లీషువారికి, సుమత్రాలోని బెంకూలెన్ డచ్చివారికి. ఒక పద్దు అటు, ఒక పద్దు ఇటు. 1825లో భీమిలి చేతులు మారింది. ఊరిని అడిగినవాళ్ళు లేరు. 1861 నాటికే పురపాలక సంఘం ఏర్పడిన ఈ ఊరు నేడు ప్రశాంతమైన విహార స్థలం.

శ్మశానంలో కోసుగా కట్టిన సమాధులున్నాయి. కొన్నిటి మీద పేర్లు ఇప్పటికీ చదవవచ్చు. పరదేశం వచ్చి జ్వరాలతో పోయిన గుమాస్తాలూ వాళ్ళ పిల్లలూ. వాళ్ళ మీద నాకు కోపమేమీ రాలేదు. కానీ ఎవరి చేతి పని కోసం అంత దూరం వచ్చారో వాళ్ళ పేరు ఒక్కటైనా ఎక్కడైనా ఉందా అని మాత్రం అనిపించింది. ఈ ప్రశ్న మోటుపల్లి దాకా నాతోనే వచ్చింది.

ఉప్పాడ

తుని, అన్నవరం, పిఠాపురం మీదుగా ఉప్పాడ చేరాము. ఉప్పాడ నుంచి కాకినాడకు పోయే దారి సముద్రానికి ఆనుకునే ఉంటుంది. పోటు సమయంలో అలలు రోడ్డు మీదికి ఎగిసిపడతాయి. చూడడానికి వచ్చినవాళ్ళకు అది వేడుక. ఊరివాళ్ళకు కాదు. ఇళ్ళు, కొబ్బరి తోటలు, గుడులు ఏటేటా సముద్రంలో కలిసిపోతున్న ఊరు ఉప్పాడ. తీరాన్ని కాపాడడానికి ఆమధ్య బలమైన కృత్రిమ బట్టతో కుట్టిన పెద్ద పెద్ద గొట్టపు సంచులలో ఇసుక నింపి కట్టగా పేర్చారు. అలల తాకిడికి అవీ చినిగి చెదిరిపోయాయి.

ఇదే ఉప్పాడ జాందానీ చీరలకు పేరు పొందింది. మగ్గం మీద పడుగు పోగుల మధ్య బుటా పోగును చేత్తో ఇరికిస్తూ నేసే పని అది. చీరకు రెండు వైపులా బుటా ఒకేలాగ కనిపిస్తుంది. ఇద్దరు పక్క పక్కన కూర్చుని నేస్తారు. పనితనాన్ని బట్టి ఒక్కొక్క చీరకు పది రోజులూ పడుతుంది, రెండు నెలలూ పడుతుంది. 2009లో దీనికి భౌగోళిక గుర్తింపు లభించింది.

ఒక ఇంట్లో మగ్గం చూడడానికి వెళ్ళాము. నేసే ఆయనకు మా నాన్న వయసుండదు కానీ, అచ్చు వైపు చూపించి "ఇన్ని పుంజాలు" అని చెప్పినప్పుడు నాకు మా నాన్న గొంతు వినిపించింది. పుంజం అంటే 120 పోగులు. పన్నా అదే ఉండి, పుంజాలు పెరిగే కొద్దీ బట్ట సన్నబడుతుంది, విలువ పెరుగుతుంది. ఇంగ్లీషు కంపెనీ ఈ తీరంలో కొన్న లాంగ్‌క్లాత్ తానులు 72 మూరల పొడవు, రెండుంబావు మూరల వెడల్పు ఉండేవి. వాటి ధర పుంజాల లెక్క మీదనే నిర్ణయించేవారు. ఇంగ్లీషు దొర లెడ్జరులోకి ఎక్కిన తెలుగు మాట అది. షోలాపూరులో మా పిల్లలకు ఈ మాట తెలియదు. నేను చెప్పలేదు గనుక తెలియదు.

ఇంజరం, కోరంగి, యానాం

కాకినాడలో జగన్నాథపురం అనే పేట ఒకప్పుడు ఒలందుల రేవు. 1825లో భీమిలితో పాటే అదీ ఇంగ్లీషువారికి దక్కింది. అక్కడి నుంచి తాళ్ళరేవు వైపు పోతే కోరంగి మడ అడవులు. నీళ్ళలో నిలబడ్డ వేళ్ళ మధ్య చెక్క వంతెన మీద నడుస్తుంటే పక్షుల కూతలు తప్ప మరో చప్పుడు ఉండదు. 1978లో దీనిని అభయారణ్యంగా ప్రకటించారు.

ఈ నిశ్శబ్దం ఉన్న చోటే ఒకప్పుడు కోరంగి అనే సందడి రేవు ఉండేది. 1789లో ఒక ఉప్పెన దానిని ముంచింది. 1839లో మరొకటి తుడిచిపెట్టింది. రేవు పోయినా పేరు మిగిలింది. ఈ తీరం నుంచి కూలికి బర్మా వెళ్ళిన తెలుగువాళ్ళను అక్కడ అందరూ కొరంగీలు అన్నారు. మొదట్లో ఊరి పేరైన ఆ మాట రాను రాను తిట్టుగా మారింది. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1942లో యుద్ధం వచ్చినప్పుడు వేలాది మంది అడవుల వెంట నడిచి తిరిగి వచ్చారు. పరాయి భాషల మధ్య బతికే మనకు ఆ కథ వేరే చెప్పనక్కరలేదు.

ఆ దాపులనే నీలపల్లి, ఇంజరం అనే ఊళ్ళున్నాయి. రెండూ ఇంగ్లీషు కంపెనీ బట్టల కొనుగోలు స్థావరాలు. కొబ్బరి చెట్లు, కాలువ, పచ్చని చేలు. ఇంజరం పక్క కారు ఆపించి నేను ఒక్కణ్ణే దిగి కాసేపు నిలబడ్డాను. నేను చదివిన ఖాతా ఇక్కడిదే కాబట్టి.

ఆ వ్యాపారం నడిచిన తీరు ఇది. కంపెనీ మనిషి దళారికి డబ్బు ఇస్తాడు. దళారి నేతగాడికి అడ్వాన్సు ఇస్తాడు. ధర ముందే ఖాయం. ఆ అడ్వాన్సుతో నేతగాడు నూలు కొనుక్కుని, ఇల్లు గడుపుకుంటూ, గడువులోగా తానులు నేసి ఇవ్వాలి. పత్తి ఇక్కడ చాలినంత పండదు. దక్కను మెట్ట నేలల నుంచి లంబాడీలు ఎద్దుల మీద మోసుకొచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు ఉప్పు తీసుకుపోయేవారు. ఒక ఏడు లోపలి దేశంలో వాన పడక పత్తి ధర పెరిగితే ఆ నష్టం ఎవరిది? నేతగాడిది. తాను ధర మాత్రం పెరగదు. నేసిన బట్టను మొదటి రకం, రెండో రకం అని ఏరి, నచ్చనిదాన్ని తిప్పికొట్టే అధికారం కంపెనీది. తిప్పికొట్టిన తాను విలువ బాకీ కింద మిగిలిపోతుంది. ఆ బాకీ తీరేదాకా వేరే వర్తకుడికి నేయకూడదు.

మహారాష్ట్రలో ఈ అడ్వాన్సును ఉచల్ అంటారు. సాంచాల వాడలో పుట్టిన నాకు దాని రుచి తెలుసు. ఉచల్ తీసుకున్న మనిషి ఒక సావుకారును వదిలి ఇంకొక సావుకారు దగ్గరికి పోవాలంటే ముందు ఆ లెక్క తేలాలి. ఇక ఏరి పారేయడం గురించి మా అమ్మను అడగాలి. వెయ్యి బీడీలు అప్పగిస్తే కొన్నిటిని పక్కకు నెట్టేసేవారు. నెట్టేసిన వాటికి కూలి లేదు.

నేతగాళ్ళు నోరు మూసుకుని పడి ఉన్నారనుకోరాదు. 18వ శతాబ్దం చివర, 19వ శతాబ్దం మొదట్లో గోదావరి, విశాఖ మండలాల నేతగాళ్ళు కలిసికట్టుగా పని ఆపారు, అర్జీలు పెట్టారు, కంపెనీ అధికారుల మీద ఫిర్యాదులు చేశారు. కొంత దిగివచ్చారు, కొంత అణచివేశారు. తరువాత దెబ్బ వేరే వైపు నుంచి వచ్చింది. 1813లో భారతదేశపు వ్యాపారం మీద కంపెనీకున్న గుత్త హక్కు పోయింది. లాంకషైరు మిల్లుల గుడ్డ చవకగా దిగింది. కంపెనీ ఒక్కొక్క స్థావరాన్నే మూసివేసింది. 1833 చట్టంతో దాని వ్యాపారమే ముగిసింది. సరిగ్గా అదే సమయంలో, 1832-33లో, నందన కరువు వచ్చింది. మగ్గాలు ఆగిపోయాయి. కంపెనీ పుస్తకాలలో మాత్రం నేతగాళ్ళ బాకీలు అనే పద్దు రానిబాకీగా మిగిలింది.

ఒక సంగతి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కింద నేను పనిచేసిన ఒక శాఖలో చిన్న సాంచాల యజమానుల అప్పుల మీద నివేదిక రాయవలసి వచ్చింది. "ఈ పరిశ్రమ గిట్టుబాటు కాదు, వసూలు అనుమానం" అని రాశాను. అంకెల ప్రకారం అది తప్పు కాదు. కానీ నూలు ధర ఎంత పెరిగింది, గుడ్డ ధర ఎవరు నిర్ణయించారు అనే రెండు ప్రశ్నలు నేను వేయలేదు. ఇంజరం కాలువ గట్టు మీద నిలబడినప్పుడు, రెండు వందల ఏళ్ళ నాటి ఆ గుమాస్తా చేతిరాతా నా చేతిరాతా ఒకటేననిపించింది.

యానాంలో గౌతమీ తీరాన సాయంత్రం గడిపాము. ఫ్రెంచివారు 1723లో మొదట వచ్చిందీ బట్టల కోసమే. 1954లో వాళ్ళ పాలన ముగిసింది. 1929లో శారదా చట్టం వచ్చాక బ్రిటిషు ఇండియాలోని తెలుగువాళ్ళు బాల్యవివాహాలు చేయడానికి ఇక్కడికి పడవలెక్కి వచ్చేవారట. చట్టం హద్దు దాటడానికి ఒక ఏరు చాలు. నదీ తీరం మాత్రం ఎంతో అందంగా ఉంది. అమ్మ అక్కడ నిద్రపోయింది.

నరసాపురం

కోనసీమ దాటి, చించినాడ వంతెన మీద వశిష్ట గోదావరిని దాటి, పాలకొల్లు మీదుగా నరసాపురం వెళ్ళాము. ఆ వంతెన మీద ఒక్క నిమిషమైనా ఆగని ప్రయాణికుడు ఉండడు. నరసాపురం పక్కన మాధవాయిపాలెం ఉంది. ఇంగ్లీషు కంపెనీ నోట అది మడపొల్లాం అయింది. అక్కడ కొన్న మెత్తని తెల్ల బట్టకూ అదే పేరు పడింది. ఈ రోజుకూ ఫ్రెంచి భాషలో ఆ రకం నూలు గుడ్డను మడపొలాం అనే అంటారు. కొనేవాళ్ళలో ఎంతమందికి తెలుసు, అది గోదావరి గట్టున ఉన్న ఒక పల్లె పేరని?

నరసాపురం ప్రాంతానికి మరొక ప్రసిద్ధి లేసు. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పిన కుట్టు ఇది. పడుగూ లేదు, పేకా లేదు. ఒక కొక్కెపు సూది, దారం, రెండు చేతులు. వేల మంది ఆడవాళ్ళు ఇళ్ళలో కూర్చుని అల్లితే విదేశాలకు పోతుంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త 1982లో నరసాపురం లేసు అల్లేవారి మీద ఒక పుస్తకమే ప్రచురించింది. అందులోని ముఖ్యమైన మాట ఇది: లోకం వీళ్ళను గృహిణులుగా లెక్కగడుతుంది, వీళ్ళ పనిని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగడుతుంది. అందుకే కూలి అంత తక్కువ. 2024లో నరసాపురం లేసుకూ భౌగోళిక గుర్తింపు దొరికింది.

ఒక అరుగు మీద నడివయసు ఆమె లేసు అల్లుతూ కనిపిస్తే అమ్మ వెళ్ళి పక్కన కూలబడింది. గోదావరి మాటా షోలాపూరు మాటా మొదట కాసేపు పొసగలేదు. తరువాత దారి దొరికింది.

"దీనికెంతిస్తరమ్మా?" అని అమ్మ అడిగింది.

ఆమె చెప్పి, "పనేం కాదు లెండి పిన్నిగారూ, ఇంట్లో ఖాళీగా ఉండలేక" అంది.

అమ్మ నవ్వింది. "నేను గూడ నలభై ఏండ్లు ఖాళీగనే ఉన్న బిడ్డా" అని తన వేళ్ళు చూపించింది. తునికాకు కత్తిరించి, చుట్టి, మూతి మడిచి గట్టిపడిన వేళ్ళు. ఆమె ఆ చేతిని పట్టుకుని చూసి ఏమీ అనలేదు. మాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

బందరు

లోసరి, పెడన మీదుగా మచిలీపట్నం. పెడనలో చెక్క అచ్చులతో అద్దకం వేసి ఆరబెట్టిన కలంకారీ గుడ్డలను చూశాము. ఒకప్పుడు ఎర్ర రంగుకు చిరివేరు వాడేవారు. ఈ తీరపు ఇసుక నేలల్లో పెరిగిన వేరుకు రంగు చిక్కన. ఉతికే కొద్దీ నిగ్గు తేలే ఆ ఎరుపును చూసి ఐరోపా ఉన్ని, పట్టు నేతవాళ్ళు భయపడ్డారు. 1686లో ఫ్రాన్సు, 1700లోనూ మళ్ళీ 1721లోనూ ఇంగ్లండు మన అద్దకపు బట్టల మీద నిషేధాలు పెట్టాయి. పోటీలో ఓడిపోయేవాళ్ళు ఎవరో ఆనాటికి ఎవరికీ సందేహం లేదు.

బందరు గోల్కొండ రాజ్యపు రేవు. మన షోలాపూరు తెలుగువాళ్ళలో ఎక్కువమంది తాతముత్తాతలు కరీంనగరం, ఓరుగల్లు, నల్లగొండ, పాలమూరుల నుంచి వచ్చినవాళ్ళు. ఆ నేల అంతా అప్పుడు గోల్కొండది. అంటే మన పూర్వులు సముద్రం చూడకపోయినా వాళ్ళ రాజ్యానికి సముద్రపు వాకిలి ఇదే. ఒలందులు 1605లో, ఇంగ్లీషువారు 1611లో ఇక్కడ కోఠీలు తెరిచారు. ఆ తరువాత ఫ్రెంచివారు. ఊళ్ళో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేర్లు నేటికీ ఉన్నాయి.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. సుమారు 30,000 మంది చనిపోయారు. బందరు మళ్ళీ మునుపటి బందరు కాలేదు. బందరు కోటలో కూలిన గోడల మధ్య గడ్డి మొలిచి ఉంది. అక్కడి నుంచి మంగినపూడి తీరానికి వెళ్ళాము. నల్లని నేల, లోతులేని నీళ్ళు. పిల్లలు ధైర్యంగా చాలా దూరం నడిచిపోతున్నారు. పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేక దూరాన లంగరు వేస్తే, బట్టల మూటలను చిన్న పడవల మీద మోసింది ఈ లోతులేని నీళ్ళలోనే.

బ్యాంకు మనిషిగా బందరులో నేను మొక్కుకున్న స్థలం ఇంకొకటి ఉంది. డాక్టరు పట్టాభి సీతారామయ్య 1923లో ఆంధ్రా బ్యాంకును స్థాపించింది ఈ ఊళ్ళోనే. మూడు వందల ఏళ్ళు పరాయివాళ్ళ అడ్వాన్సుల మీద నడిచిన ఊరు తన సొంత డబ్బాల తాళం తానే చేతపట్టుకుంది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. పేరు పోయినా, అప్పు ఇచ్చేవాడు మనవాడై ఉండాలన్న ఆ ఆలోచన విలువ పోలేదు.

మోటుపల్లి

చివరి మజిలీ చీరాల దాటాక మోటుపల్లి. చిన్న పల్లె, ఇసుక, సరుగుడు తోపులు, పాత వీరభద్రస్వామి గుడి. అక్కడి స్తంభం మీద ఓరుగల్లు ప్రభువు కాకతి గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనం ఉంది. దాని సారాంశం ఇది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాగుకునేవారు. మేము అలా చేయము. ప్రాణానికి తెగించి సముద్రం దాటి వచ్చేవారి నుంచి నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాము, తక్కినదంతా వారిదే. ఆ సుంకం ముప్పై పాళ్ళలో ఒక పాలు.

ముప్ఫై ఏళ్ళుగా రకరకాల సర్క్యులర్లు చదివిన నాకు ఇంత సూటిగా రాసిన సర్క్యులర్ ఇంకొకటి కనబడలేదు. ధర రహస్యం లేదు, ఏరి పారేసే షరతు లేదు, నష్టంలో ఉన్నవాడి మీద పడి దోచుకోవడం లేదు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ రాజ్యాన్ని వర్ణిస్తూ ఇక్కడి సన్నని బట్టలను సాలెగూటితో పోల్చాడు. ఆ బట్టలు నేసినవారిలో ఓరుగల్లు సీమవాళ్ళు ఉండి ఉంటారని నా మనసు అనుకుంటోంది. రుజువు లేదు. నేతగాడు తన పేరు బట్ట మీద రాసుకోడు కదా!

భీమిలి నుంచి మోసుకొచ్చిన నా ప్రశ్నకు అక్కడ కొంత జవాబు దొరికింది. కొన్నవాడి పేరు సమాధి మీద ఉంది. ఏలినవాడి పేరు శాసనం మీద ఉంది. నేసినవాడి జ్ఞాపకం మాటల్లో ఉంది: పుంజం, మడపొలాం, చిరివేరు. రాతిని కాపాడడానికి ప్రభుత్వ శాఖలున్నాయి. మాటను కాపాడవలసింది దాన్ని మాట్లాడేవాళ్ళే. కుంభారిలో, షోలాపూరులో ఆసు పోసిన చేతులూ కండెలు చుట్టిన చేతులూ ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాళ్ళ నోటి మాటలను, వాళ్ళ పాత ఊరి పేర్లను, ఎవరి దగ్గర ఎంత ఉచల్ తీసుకున్నారో ఆ లెక్కలను పిల్లల చేత ఒక నోటుపుస్తకంలో రాయించండి. తెలుగు చదవడం వచ్చిన పిల్లలు లేకపోతే మరాఠీ లిపిలోనైనా రాయించండి. ఇది ఈ పత్రిక పాఠకులకు నా మనవి. నా వంతుగా మా నాన్న మగ్గం మాటలు యాభై దాకా రాసి పెట్టాను. ఇకమీదట ఏ నేతవాడి అప్పు దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చినా నూలు ధరా గుడ్డ ధరా పక్కపక్కన రాయకుండా సంతకం చేయకూడదని కూడా అనుకున్నాను.

చీరాలలో రైలెక్కి, విజయవాడలో మారి, ఇల్లు చేరాము. మరునాటి సాయంత్రం చుట్టుపక్కల ఆడవాళ్ళంతా మా గడపలో చేరారు. "సముద్రం ఎట్లున్నదే పెద్దమ్మా?" అని అడిగారు. సిద్ధేశ్వర చెరువుకు ఎన్ని రెట్లని చెబుతుందోనని నేనూ లోపలి నుంచి చెవి ఒగ్గాను. అమ్మ సముద్రం సంగతి ఎత్తనే లేదు. నరసాపురంలో లేసు అల్లే ఆమెకు ఒక్కొక్క దానికి ఎంత ఇస్తారో, దానికి ఎన్ని గంటలు పడుతుందో, రోజుకు ఎంత గిట్టుతుందో ముందుగా ఆ లెక్క చెప్పింది.